ఆయన చూపించిన దీవి

సంతాప సభ శనివారం పెట్టారు. డెట్రాయిట్ పక్కన మా ట్రాయ్‌లో మేం దుఃఖాన్ని కూడా వారాంతానికే కుదుర్చుకుంటాం. గుడి వెనక హాల్లో కుర్చీలు వరసగా వేసి, ముందు బల్ల మీద ఆయన ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటోలో కూడా నెత్తిన టోపీ, మెళ్ళో విజిల్.

ఒక్కొక్కరికీ రెండు నిమిషాలన్నారు. తొమ్మిదిమంది లేచి మాట్లాడారు. తొమ్మిదిమందీ చెప్పింది ఒకటే: ఆయన లేకపోతే మేం ప్రపంచం చూసేవాళ్ళం కాదు. పదో ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచి, "భార్యకి సముద్రం ఇష్టమని తెలిసి, గ్రీస్‌లో ఎక్కడో ఉన్న చిన్న దీవి దాకా తీసుకెళ్ళి ఆవిడ చేత ఈత కొట్టించిన మనిషండీ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు అలా?" అన్నాడు. హాలంతా తలలూపింది. ముందు వరసలో ఆయన భార్య తల వంచుకుని కూర్చుని ఉంది. నేను లేవబోయాను. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సభ కాబట్టి ఆగాను. కాగితం మీద నన్ను పట్టుకునేవాళ్ళెవరూ లేరు.

కన్నీళ్ళు పెట్టుకున్న ఆ పెద్దమనిషి ఆ దీవికి రాలేదు. నేను వెళ్ళాను. అక్కడ జరిగింది కళ్ళారా చూసినదాన్ని. చనిపోయిన మనిషికి చెయ్యని పుణ్యాన్ని అంటగట్టడం కూడా అబద్ధమే. పూలదండ వేస్తే అది నిజమైపోదు.

ఆయన పేరు రాయను. పిల్లలున్నారు, వాళ్ళకి పిల్లలున్నారు. ఆయన భార్యని మాత్రం సుభద్ర అంటాను. అది అసలు పేరు కాదు. కానీ ఆవిడకో పేరంటూ ఉండాలి కదా. ఇరవై రెండేళ్ళ పరిచయంలో ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఇంట్లో "ఇదిగో", బయట "ఏయ్", నలుగురిలో ఉంటే "మావాళ్ళు".

పొట్టి మనిషి, నడక మాత్రం బారుగా ఉండేది. కార్ల కంపెనీలో వైరింగ్ డిజైన్ చేసేవారు. మా నాలుగు కుటుంబాలకీ ఏటా ఒక ట్రిప్పు వేసేవారు. వేసేవారు అంటే, జనవరిలో ఒక స్ప్రెడ్‌షీట్ పంపేవారు. అందులో ప్రతి చోటికీ నిమిషాలు ఉండేవి. ఒకసారి ఒక జలపాతానికి ఎదురుగా "పద్దెనిమిది నిమిషాలు, ఫోటోలతో కలిపి" అని రాసి ఉంది.

"పద్దెనిమిదేమిటి అన్నయ్యగారూ, ఇరవై అయితే ఏం?" అని అడిగాను.

"ఇరవై అని రాస్తే మీరు ఇరవై అయిదు చేస్తారు చెల్లెమ్మా. పద్దెనిమిది అంటే భయపడి ఇరవైలో వస్తారు."

వచ్చాం కూడా. ఇరవైలోనే వచ్చాం. అదే నాకు ఒళ్ళు మంట. ఆయన లెక్క తప్పేది కాదు. మనుషులు ఎంత తొందరగా లొంగుతారో ఆయనకి నిమిషాలతో సహా తెలుసు.

విజిల్ ఒకసారి వేస్తే దిగండని, రెండుసార్లు వేస్తే పోగవ్వండని, మూడుసార్లయితే బండి కదులుతోందని. ఒక నేషనల్ పార్కులో ఆయన మూడోసారి విజిల్ వేస్తే, గడ్డి మేస్తున్న బైసన్ కూడా తలెత్తి రోడ్డు వైపు నాలుగడుగులు వేసింది. బండెక్కాక ఒక్కొక్కరి నెత్తి మీదా వేలు పెట్టి లెక్కపెట్టేవారు. తన భార్య నెత్తి మీద కూడా అదే వేలు, అదే వేగం.

ఏం చూపించినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "మన దగ్గర ఇంతకన్నా పెద్దది ఉంది." కొండ చూసినా అంతే, కోట చూసినా అంతే. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నీ మన దగ్గరే ఉన్నప్పుడు ఇంత దూరం ఎందుకొచ్చామండీ?"

"చూడకపోతే మనదే పెద్దదని ఎలా తెలుస్తుంది?"

 

ఒక్క మాట చెప్పాలి, చెప్పకపోతే నేనూ ఆ పదో ఆయన లాగే అవుతాను. మంచులో ఎవరి కారు ఆగిపోయినా, మాస్టర్స్ చదవడానికి నిన్నగాక మొన్న దిగిన కుర్రవాడిదైనా సరే, కేబుళ్ళు పట్టుకుని వచ్చేవారు. బ్యాటరీ లేపేవారు. లేపి, ఆ తర్వాత అరగంట నిలబెట్టి తిట్టేవారు. చలిలో ఆ అరగంటే ఎక్కువ బాధగా ఉండేదని ఆ కుర్రవాళ్ళే నాతో అన్నారు.

ఇక సుభద్ర సంగతి. ఆవిడది బందరు వైపు, కాలవ పక్క ఊరు. అన్నదమ్ములు కాలవలో దూకి ఈదుతుంటే, ఆవిడ గట్టు మీద వాళ్ళ చొక్కాలు పట్టుకుని నిలబడేదట. యాభై మూడో ఏట ఇక్కడి కమ్యూనిటీ సెంటర్‌లో ఈత క్లాసులో చేరింది. మంగళవారం పొద్దున్నే నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆయనతో "వదినతో షాపింగ్" అని చెప్పేది. ఆయన అడిగేవారు కాదు. షాపింగ్‌కి ఆయన షీట్‌లో గడి లేదు.

మొదటి చలికాలమంతా గోడ పట్టుకునే ఉంది. ముక్కుకి రింగు పెట్టుకున్న పాతికేళ్ళ అమెరికన్ పిల్ల టీచరు. "మెడ వదిలెయ్ స్వీటీ, నీళ్ళు పట్టుకుంటాయి" అనేది. నేను గాజు తలుపు ఇవతల కాఫీ తాగుతూ చూసేదాన్ని. రెండో చలికాలానికి ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసింది.

ఆ పూల్ గోడ మీద ఒక పెద్ద ఫోటో ఉండేది. రెండు కొండల మధ్య పచ్చటి నీళ్ళు, నీళ్ళ మధ్యలో తలుపులా తొలిచినట్టున్న ఒక పెద్ద బండ. కింద దీవి పేరు. ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా సుభద్రకి అదే కనిపించేది. ఒకరోజు తల తుడుచుకుంటూ అడిగింది.

"వదినా, ఆ చోటు నిజంగా ఉందంటారా?"

"లేకపోతే ఫోటో ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అయితే ఒక్కసారి ఆ బండ దాకా ఈదాలి వదినా. ఇంకేం వద్దు నాకు."

అన్నేళ్ళలో ఆవిడ నోట "నాకు" అనే మాట నేను విన్నది అదే మొదలు. ఆ జనవరిలో మా ఇంట్లో ఉప్మా తింటూ ట్రిప్పు సంగతి వచ్చినప్పుడు, సుభద్ర ప్లేట్‌లోకి చూస్తూ ఆ దీవి పేరు చెప్పింది. ఆయన ఇంకో గరిటెడు ఉప్మా వడ్డించుకున్నారు. వారం తిరక్కుండా షీట్ వచ్చింది: "ఈసారి నా ఐడియా, గ్రీస్." ఆ నీళ్ళున్న చోటికి ఎదురుగా, "పైనుంచి వ్యూ, పన్నెండు నిమిషాలు." నేను ఫోన్‌లో అరిచి, వాట్సాప్‌లో వాదించి, రెండు వారాలు సతాయించి దాన్ని "కిందికి దిగి, నలభై నిమిషాలు" చేయించాను. ఎందుకని ఆయన అడిగారు. నాకు మోకాళ్ళకి ఉప్పునీళ్ళు మంచివన్నాను. సుభద్రకి ఈత వచ్చని చెప్పలేదు. చెప్పొద్దని ఆవిడ ఒట్టు వేయించుకుంది.

జూన్‌లో నలుగురు దంపతులం, ఎనిమిదిమందిమి బయల్దేరాం. పిల్లలందరూ ఎదిగి ఎవరి దారిన వాళ్ళున్నారు. ఏథెన్స్ నుంచి ఫెర్రీలో అయిదు గంటలు.

చిన్న దీవి. ఒక రేవు, కొండ మీద ఒక ఊరు, రెండింటికీ మధ్య తిరిగే ఒక బస్సు. ఊళ్ళో సందులన్నీ మెట్లే, కార్లు ఎక్కవు. గోడల పగుళ్ళలోంచి ఏవో మొక్కలు వేలాడుతుంటాయి, వాటి మొగ్గల్నే ఊరగాయ పెడతారట. నడుస్తుంటే చెప్పుల కింద వాము లాంటి వాసన, చూస్తే అది రోడ్డు పక్క మొలిచిన పిచ్చి మొక్క. కొండ అవతల మేకల మెడగంటలు. మ్యూజియం ఒక్క గది, దాని తాళం కాఫీ కొట్టు ముసలాయన దగ్గర ఉంటుంది. మనం కాఫీ తాగడం అయ్యాక ఆయన లేస్తాడు.

మావాళ్ళు కాఫీ తాగలేదు. షీట్‌లో లేదు. ముసలాయన లేవలేదు. మెళ్ళో విజిల్‌తో గడియారం చూసుకుంటూ ఈయన, బీడు భూమిలా ముఖం పెట్టుకుని ఆ ముసలాయన, పావుగంట ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి నేనే ఒక కాఫీ చెప్పి తాగేశాను. తాళం వచ్చింది. లోపల మూడు వేల ఏళ్ళ కిందటి కూజా ఒకటుంది, నడుము మీద ఆక్టోపస్ బొమ్మతో. ఈయన దాన్ని చూసి, "మా అమ్మమ్మ దగ్గర ఇంతకన్నా పెద్ద కుండలుండేవి" అన్నారు.

కొండ బొరియలో గువ్వగూడులా కట్టిన మఠం ఒకటుంది. మూడొందల మెట్లెక్కి వెళ్తే, లోపల ఒకే ఒక్క సన్యాసి. గులాబీ వాసన వేసే మిఠాయి ముక్కలు, చిన్న గ్లాసుల్లో ఏదో ఘాటైనది తెచ్చి పెట్టాడు. ఈయన మిఠాయిని వేలితో నొక్కి చూసి, "జెలటిన్ ఉందా?" అని, ఎముకల్లోంచి తీసింది కలిపారేమోనన్న అనుమానంతో, ఇంగ్లీషులో అడిగారు. సన్యాసికి అర్థం కాలేదు. "వద్దు వద్దు, శనివారం" అన్నారు తెలుగులో. అది ఇంకా అర్థం కాలేదు. పెట్టిన చెయ్యి అలా గాల్లోనే ఉండిపోతే నేనే రెండు వాటాలూ తిన్నాను, రెండు గ్లాసులూ తాగాను. దిగేటప్పుడు మెట్లు కాస్త ఎక్కువగా కనిపించిన మాట నిజమే.

మొదటి రోజు సాయంత్రం సుభద్ర పెట్టె తెరిచింది. మా గదికీ వాళ్ళ గదికీ మధ్య తలుపు మూసే ఉంది గానీ గోడ పల్చన.

"నా స్విమ్ సూట్ ఏదండీ?"

"ఏ సూటు?"

"నేరేడు రంగుది. అడుగున పెట్టాను."

"ఓ, అదా. బరువెక్కువైంది, తీసేశాను. రైస్ కుక్కర్ పట్టొద్దూ? అయినా నువ్వు దిగుతావా చస్తావా, కాళ్ళు తడుపుకోవడానికి అంత బట్ట ఎందుకు?"

 తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. సుభద్ర మంచం మీద కూర్చుని మడతపెట్టిన చీరల్నే మళ్ళీ మడతపెడుతోంది. ఆయన అద్దం ముందు రేపటి షీట్ చూసుకుంటున్నారు.

"అడిగి తియ్యాలని తెలీదా అన్నయ్యగారూ?"

"అరకిలో తగ్గింది చెల్లెమ్మా" అన్నారు, నేను మెచ్చుకోవాలన్నట్టు.

రెండో రోజు గాలి లేచింది. ఆ సముద్రంలో వేసవిలో అలా లేస్తుందట, లేస్తే పడవలు కట్టేస్తారు. ఆ రోజే నాలుగింటికి మా నలభై నిమిషాలు. పైనుంచి చూస్తే కింద నీళ్ళు పచ్చగా లేవు, తెల్లగా మరుగుతున్నాయి. సుభద్ర కొంగు బిగించి పట్టుకుని నిలబడిపోయింది. ఆయన విజిల్ రెండుసార్లు వేశారు. "నలభై నిమిషాలు మిగిలాయి. రేపటి కోటకి కలుపుదాం" అన్నారు. ఆ గొంతులో ఉన్నది సంతోషమే, నేను పొరబడలేదు.

మూడో రోజు పొద్దుటికి గాలి పడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఫెర్రీ. రెండు రోజులూ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, చపాతీలతో గడిచింది. ఇక ఫెర్రీలోకి పెరుగన్నం కలపాలని ఆయన తొమ్మిదింటికి రైస్ కుక్కర్ తీశారు.

అమెరికా కుక్కర్ నూట ఇరవై వోల్టులది. అక్కడి గోడలో వచ్చేది మన దేశంలోలాగే రెండొందల ముప్పై. ఎయిర్‌పోర్టులో ప్లగ్గు ఆకారం మార్చే ముక్క ఒకటి కొన్నారు. అది ఆకారాన్నే మారుస్తుంది, కరెంటుని మార్చదు. ముప్పై ఏళ్ళు ఆ కరెంటు కిందే పుట్టి పెరిగి, ఇంకో ముప్పై ఏళ్ళు ఈ కరెంటు కింద బతుకుతూ కార్లకి వైర్లు గీసిన మనిషి ఆ మాట మర్చిపోయారు. ఆ గోడలు, ఆ సున్నం, మిద్దె మీద ఆరేసిన బట్టలు చూస్తే ఎవరికైనా ఇల్లు గుర్తొస్తుంది. ఇక్కడి సామాను చేత్తో పట్టుకుని, అక్కడి గోడని చూసి మన ఇల్లే అనుకున్నారు. ఇలాంటి తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

ఠాప్‌మంది. కుక్కర్ మూత ఎగిరి, నల్లటి పొగ వచ్చింది. మేం అద్దెకి దిగిన ఇంట్లోనే కాదు, పక్క రెండు ఇళ్ళల్లోనూ కరెంటు పోయింది.

ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన బలమైన మనిషి, మగవాళ్ళ చొక్కా, నోట్లో సిగరెట్టు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఫోన్‌లో తన భాషలో మాట్లాడితే ఆ ఫోను మాకు ఇంగ్లీషులో చెబుతుంది.

"ఎవరు చేశారు ఇది?" అంది ఫోను.

"నేనే" అన్నారు ఆయన. దాచలేదు. ఆ మాట రాయాలి.

"ఎలక్ట్రీషియన్ రేవు నుంచి రావాలి. వచ్చేదాకా ఈయన ఇక్కడే కూర్చోవాలి. ఏం చేశాడో ఈయనే చెప్పాలి."

నేను ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. ఆ ఫోన్ దగ్గరికి వంగి, "ఈయన ఎలక్ట్రికల్ ఇంజనీరు" అన్నాను.

ఫోను ఆ మాట ఆవిడ భాషలో చెప్పింది. ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, పొగ గొంతుకి అడ్డం పడేంతగా నవ్వింది. మా మగవాళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళలో ఆయనకి జవాబు దొరకని సందర్భం అదొక్కటే. దానికి నేనేం బాధపడటం లేదు.

వెంటనే తేరుకున్నారు. "ఎవరూ కదలొద్దు. నేను ఫ్రీ అయ్యాక అందరం కోటకి వెళ్దాం. కింద నీళ్ళు నిన్ననే క్యాన్సిల్."

"మేమిద్దరం నీళ్ళకి వెళ్తున్నాం" అన్నాను.

"షెడ్యూల్ చూశారా చెల్లెమ్మా?"

"కుక్కర్ పేలడం షెడ్యూల్లో ఉందా?"

"మా ఆవిడకి స్విమ్మింగ్ రాదు, బట్టలు కూడా లేవు. మీరొకళ్ళే వెళ్ళి మోకాళ్ళు తడుపుకు రండి."

 ఇంటావిడ మా ముఖాల్లోకి మార్చి మార్చి చూసి, ఫోను నా నోటి దగ్గర పెట్టింది. ఈమెకి ఈదాలని ఉంది, బట్టలు లేవు, అని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి, నలిగి వెలిసిపోయిన ఒక నల్ల స్విమ్ సూట్ తెచ్చి సుభద్ర చేతిలో పెట్టింది. ఆవిడదే.

"వేరేవాళ్ళ ఒంటి మీది బట్ట కట్టుకుంటావా?" అన్నారు ఆయన. ఆ మాటలో నిజమైన అసహ్యం ఉంది.

సుభద్ర ఆ బట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఉతికిందేనండీ" అంది నెమ్మదిగా. స్నానాల గదిలోకి వెళ్ళి, దాని మీద తన చుడీదార్ వేసుకుని వచ్చింది.

కొండ అంచు నుంచి కిందికి రాతిమెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేవు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గబగబా దిగుతున్నాను, ఆయన వెనకాలే వస్తారేమోనని. సగం దిగాక సుభద్ర ఆగిపోయింది. చెయ్యి విడిపించుకుంది.

"లాగకండి వదినా. మీరూ ఆయనా ఒకటే తొందర. నా కాళ్ళతో నేను దిగుతా."

నాకు చురుక్కుమంది. అయినా చెయ్యి వదిలేశాను.

కింద మేం తప్ప ఎవరూ లేరు. నీళ్ళు ఫోటోలో కన్నా పచ్చగా ఉన్నాయి. అడుగున రాళ్ళు, రాళ్ళ మీద మా నీడలు, అన్నీ కనిపిస్తున్నాయి. చుడీదార్ విప్పి ఒక రాయి మీద పెట్టి, కాసేపు మోకాళ్ళ లోతులో నిలబడింది. తర్వాత ముందుకి వాలింది.

పూల్‌లో చూసిన ఈత కాదది. పూల్‌లో ఆవిడ టీచరు చెప్పినట్టు ఈదేది, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ. ఇక్కడ ఆగింది, తల ఎత్తి చూసింది, మళ్ళీ ఈదింది, ఒకచోట వెల్లకిలా తేలింది. బండ చాలా దూరం.  చివరికి ఆ బండ అంచు పట్టుకుని పైకి జరిగి కూర్చుంది. అక్కణ్ణుంచి ఒక చిన్న నల్ల చుక్క.

అలా ఎంతసేపు గడిచిందో. ఒంటిగంట దాటాక మెట్ల మీద చప్పుడైంది. ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్ళాడు కాబోలు, ఆయన ఒక్కరే దిగి వస్తున్నారు, రొప్పుతూ.

"ఏదీ?"

బండ వైపు చూపించాను.

"అక్కడికి పడవలో వెళ్ళిందా?"

"ఈదుకుంటూ వెళ్ళింది."

కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. తర్వాత విజిల్ ఊదారు. కొండలకి తగిలి అది రెండింతలైంది. సుభద్ర ఇటు తిరిగి చెయ్యి ఊపింది. ఆయన రెండుసార్లు ఊదారు. ఆవిడ కదల్లేదు. మూడుసార్లు ఊదారు. ఆవిడ బండ మీంచి అవతలి వైపు నీళ్ళల్లోకి జారింది.

"వినపడలేదేమో" అన్నారు.

"వినపడింది. చెయ్యి ఊపింది చూడలేదా?"

"ఎప్పుడు నేర్చుకుంది?"

"రెండేళ్ళయింది. మంగళవారాలు."

"నాకెందుకు చెప్పలేదు? చెబితే వద్దంటానా నేను?"

"చెప్పకుండానే బట్టలు తీసి పారేశారు కదా."

"అరకిలో బరువమ్మా అది!" అన్నారు. నిజంగా నొచ్చుకున్నారు.

ఆయన మీద నా కోపమంతా ఆ మాట దగ్గరే ఉంది. ఆయన దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేదాన్ని. కాదు. ఆయనకి అది నిజంగానే అరకిలో. అంతకు మించి అందులో ఏమైనా ఉండొచ్చని ఆ మనిషికి తట్టలేదు. ఎదురుగా నీళ్ళల్లో ఉన్న మనిషిని చూస్తూ కూడా తట్టలేదు.

గడియారం చూసుకున్నారు. "రెండింటికల్లా రేవులో ఉండాలి. అక్కడ ఆరుగురం రెడీగా ఉన్నాం. ఇద్దరి కోసం ఆరుగురిని ఆపలేను."

మా అందరి పాస్‌పోర్టులూ ఆయన దగ్గరే ఉన్నాయి, డెట్రాయిట్‌లో బయల్దేరినప్పుడే తీసుకున్నారు. చొక్కా లోపలి సంచిలోంచి రెండు బయటికి లాగారు, నాదీ సుభద్రదీ. ఒక పొడి బండ మీద పెట్టి, చుట్టూ వెతికి, ఒక బల్లపరుపు రాయి తెచ్చి వాటి మీద పెట్టారు.

"రేపు పొద్దున తొమ్మిదింటికి ఇంకో ఫెర్రీ ఉంది. అది తప్పిపోవద్దు. ఫ్లైట్ రేపు రాత్రికి. ఏథెన్స్‌లో కొండ మీది గుడి మీకు పోయినట్టే."

మెట్లెక్కడం మొదలుపెట్టారు. మా ఆయన కూడా ఆ ఆరుగురిలో ఉన్నాడు, ఆ ఫెర్రీయే ఎక్కాడు. ఆ సంగతి ఇంటికొచ్చాక వేరే తేల్చుకున్నాను.

ఇది జరిగిన తర్వాత ప్రతి పార్టీలోనూ ఆయన, "మావాళ్ళ ఈత కోసమే ఆ దీవి పెట్టాను" అని చెప్పుకున్నారు. నలుగురూ నమ్మారు. నాతో వాదించినవాళ్ళూ ఉన్నారు: భార్య సంతోషంగా ఉంటే కదపలేక వదిలేసి వెళ్ళారు, అది ప్రేమ కాదా, గాలికి ఎగిరిపోకుండా రాయి పెట్టారు, అది శ్రద్ధ కాదా, అని. శ్రద్ధే. పాస్‌పోర్టుల మీద శ్రద్ధ. మెట్ల మధ్యలో ఒకచోట ఆగారు కదా అని ఎవరైనా అంటే, ఆగింది ఊపిరి తీసుకోవడానికి. వెనక్కి తిరగలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

కాసేపటికి సుభద్ర ఒడ్డుకి వచ్చింది. వేళ్ళు ముడతలు పడ్డాయి, పెదవులు కాస్త నీలంగా ఉన్నాయి. మెట్ల వైపు చూసింది.

"వెళ్ళిపోయారా?"

"వెళ్ళిపోయారు. రేపు పొద్దున ఇంకో ఫెర్రీ ఉందట."

"ఏమన్నారు?"

"ఏథెన్స్‌లో గుడి పోయినట్టే అన్నారు."

సుభద్రకి నవ్వొచ్చింది. రాయి కింద ఉన్నవి చూసింది. చేతులు చుడీదార్‌కి తుడుచుకుని, రాయి ఎత్తి, తన పాస్‌పోర్టు తెరిచి, ఫోటో ఉన్న పేజీ చూసింది. మళ్ళీ మూసి, నా దాని పక్కనే పెట్టి, రాయి మీద పెట్టేసింది. నీళ్ళ వైపు తిరిగింది.

"మళ్ళీనా? చలేస్తోంది కదా. ఉండు, నేనిక్కడ నిలబడి చూస్తూ ఉంటా" అన్నాను.

"నన్ను చూడక్కర్లేదు వదినా. అవి చూస్తూ ఉండండి, చాలు."

వెళ్ళింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. బండ చేరింది, దాని మధ్యలో తలుపులా ఉన్న సందులోకి దూరింది, అవతలి వెలుతురులో ఒక్క క్షణం చెయ్యి కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

కొండ అవతల నుంచి ఫెర్రీ కూత వినిపించింది. దీవి అంతా ఒక్కసారి అదిరినట్టయింది. బండ దగ్గర నీళ్ళు ఊరికే పైకీ కిందికీ ఆడుతున్నాయి. తల ఎక్కడా లేదు. నాకు చాలా భయమేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని లేచి నిలబడ్డాను, గట్టిగా పిలవడానికి.

పిలవలేదు.